అమ్మకి నాలుగు ఇన్‌హేలర్లు మార్చాక – నా అనుభవం

నిన్న చెకప్పు అయ్యింది. డాక్టరమ్మ అమ్మని వరండాలో ఆరు నిమిషాలు నడిపించి, వేలికి క్లిప్పు పెట్టి చూసి "ఇదే మందు వాడండి, మార్చేదేం లేదు" అన్నారు. రెండేళ్ళలో ఆ మాట వినడం ఇదే మొదటిసారి. రాత్రి బస్సులో వస్తూ అమ్మ దగ్గకుండా నిద్రపోయింది, నాకే నిద్ర పట్టలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా. ఇంట్లో సీఓపీడీ (ఊపిరి గొట్టాలు ఇరుకైపోయి అలాగే ఉండిపోయే ఆయాసం జబ్బు) పేషెంటు ఉన్నవాళ్ళు ఒక్కసారి ఓపిగ్గా చదవండి.

మాది టెక్కలి వైపు. అమ్మకి 67 ఏళ్ళు. నలభై ఏళ్ళు కట్టెల పొయ్యి మీద వండింది. దానికి తోడు అడ్డపొగ. తెలియనివాళ్ళకి చెప్తున్నా, అంటే చుట్ట వెలిగించిన కొస నోట్లో ఉండేలా పెట్టుకుని తాగడం. మా శ్రీకాకుళం వైపు పెద్దవయసు ఆడవాళ్ళలో బాగా ఉండేది. నాట్లేసేటప్పుడు వాన పడినా చుట్ట ఆరిపోదని అమ్మ చెప్పేది. మానేసి నాలుగేళ్ళయ్యింది. ఈ సంగతి నేను ఏ డాక్టరుకీ చెప్పలేదు, "కట్టెల పొయ్యి పొగండీ" అని ఊరుకునేదాన్ని. దాని గురించి కింద రాస్తాను.

మొదట చూపించిన డాక్టరు ఎక్స్‌రే తీయించి ఆస్తమా అని చెప్పి ఫార్మోటెరాల్ (ఊపిరి గొట్టాలు తెరిచేది), బ్యూడెసోనైడ్ (స్టెరాయిడ్) కలిసిన క్యాప్సూల్స్ రాశారు. మందుల షాపులో కుర్రాడు కవరు మీద "పొద్దున 1 రాత్రి 1" అని రాసి ఇచ్చాడు, రోటాహేలర్, అంటే ఆ క్యాప్సూల్లోని పొడిని పీల్చే పరికరం ఇవ్వలేదు, అది కావాలని మాకూ తెలీదు. అమ్మ తొమ్మిది రోజులు ఆ క్యాప్సూల్స్ మంచినీళ్ళతో మింగింది. పదో రోజు మా పిన్ని కొడుకు వచ్చి చూసి చెప్తే పరికరం కొన్నాం. ఆ షాపుకి నేను మళ్ళీ వెళ్ళలేదు, మీరు కూడా పీల్చే మందు ఎలా వాడాలో చూపించని షాపులో కొనకండి. తర్వాత చలికాలంలో నిమోనియా వచ్చి ఐదు రోజులు హాస్పిటల్లో ఉంది, అక్కడ అదే రకం జోడీ అయిన సాల్మెటెరాల్, ఫ్లూటికాసోన్‌కి మార్చారు. మళ్ళీ ఏడాది తిరక్కుండానే ఇంకో నిమోనియా. ఈసారి మూడు మందులు కలిసినవి, అంటే గొట్టాలు తెరిచే టియోట్రోపియం, ఫార్మోటెరాల్, వాటితో సైక్లెసోనైడ్ అనే స్టెరాయిడ్. ఖర్చు పెరిగింది గానీ ఆయాసం తగ్గలేదు. గుమ్మం నుంచి నుయ్యి దాకా వెళ్ళడానికి అమ్మ రెండుసార్లు కూర్చునేది.

అప్పుడు విశాఖ తీసుకెళ్ళాను. ఊదే పరీక్ష, అదే స్పైరోమెట్రీ, అక్కడే మొదటిసారి చేశారు. ముందు ఊదించి, ఊపిరి గొట్టాలు తెరిచే సాల్‌బుటమాల్ పీల్పించి, పదిహేను నిమిషాలాగి మళ్ళీ ఊదించారు. మొత్తం ఊదిన గాలిలో మొదటి సెకనులో వచ్చింది ఎంత అని చూస్తారు, అది 0.70 కన్నా తక్కువుంటే సీఓపీడీ అని. అమ్మకి 0.54. ఆ మొదటి సెకను గాలి ఆమె వయసుకి ఉండాల్సిన దాంట్లో 46 శాతమే. పరీక్ష అరగంట పని, రెండేళ్ళు ఎవరూ రాయలేదు.

రిపోర్టు పట్టుకుని లోపలికెళ్ళాం. గదిలో ముగ్గురు జూనియర్లు, తలుపు తీసే ఉంది, గుమ్మంలో తర్వాతి టోకెన్ వాళ్ళు నిలబడి ఉన్నారు. డాక్టరమ్మ ఫైలు మొత్తం తిరగేసి "మూడు రకాలు వాడినా తేడా లేదంటున్నారు కదా, ఏదీ, ఇప్పుడు ఒకసారి వాడి చూపించమ్మా" అన్నారు. అమ్మ సంచిలోంచి రోటాహేలర్ తీసింది, శుభ్రమైన గుడ్డలో చుట్టి పెట్టుకుంటుంది దాన్ని. క్యాప్సూల్ దూర్చింది, తిప్పింది, లోపల టక్కుమంది, అంతవరకూ బాగానే ఉంది. తర్వాత పెదాల మధ్య వదులుగా పెట్టుకుని, బుగ్గలు లోపలికి పోయేలా చిన్నగా ఒక లాగు లాగింది. అచ్చం చుట్ట లాగినట్టే. వెంటనే అదే గొట్టంలోకి ఊపిరి వదిలేసింది. తెల్లటి పొడి ఎగిరి ముక్కు మీద, కొంగు మీద పడింది.

ఒక జూనియర్ నవ్వాడు. డాక్టరమ్మ నవ్వలేదు, పరికరం తీసుకుని విప్పి, మా నల్ల ఫైలు అట్ట మీద బోర్లించి తట్టారు. గోరంత తెల్లటి కుప్ప పడింది. "మందు ఇక్కడే ఉంది చూడండి. ఊపిరితిత్తుల్లోకి వెళ్ళలేదు, వెళ్ళిందంతా నోట్లోకే" అని టార్చి వేసి అమ్మ నోరు తెరిపించారు. నాలుక మీద, గొంతులో తెల్లటి మచ్చలు. స్టెరాయిడ్ పొడి నోట్లో పడి, పుక్కిలించకపోతే వచ్చే ఫంగస్ అట అది. రెండేళ్ళుగా ఏ ముద్ద తిన్నా మండుతోందని అమ్మ అంటే నేను కారం తగ్గించి వండాను తప్ప నోరు చూడలేదు.

"మీరేం చేస్తుంటారు?" అని నన్ను అడిగారు.

"టీచర్‌నండీ. హైస్కూల్లో లెక్కలు చెప్తాను."

"రెండేళ్ళలో ఒక్కపూటైనా పక్కన కూర్చుని ఎలా పీలుస్తోందో చూశారా?"

నా దగ్గర జవాబు లేదు. మందు టైముకి వేసుకుందా లేదా అని రోజూ ఫోను చేసి అడిగేదాన్ని, అదే పెద్ద బాధ్యతగా చేస్తున్నా అనుకునేదాన్ని. గుమ్మంలో జనం చూస్తున్నారు, మొహం కాలిపోతోంది. అప్పుడే ఆమె "చుట్ట గానీ బీడీ గానీ అలవాటుందా" అని అడిగారు. అలవాటుగా నా నోట్లోంచి "లేదండీ, కట్టెల పొయ్యి పొగ" అని వచ్చేసింది. అమ్మ నా వైపు చూసి, నెమ్మదిగా "ఎందుకే అబద్ధం. తాగీదాన్నమ్మా, అడ్డపొగ. ఇప్పుడు మానీసినాను" అంది.

డాక్టరమ్మ మళ్ళీ టార్చి వేసి ఈసారి అంగిలి చూశారు, చాలాసేపు చూశారు. అడ్డపొగ తాగేవాళ్ళకి నిప్పు వేడి నేరుగా అంగిలికి తగులుతుందని, అక్కడ క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఎక్కువని, ఈ జిల్లాల నుంచి వచ్చే పెద్దవాళ్ళందర్నీ అడిగి చూడాల్సిందేనని చెప్పారు. నా పరువు కోసం దాచిన ఆ ఒక్క మాట వల్ల రెండేళ్ళు అమ్మ అంగిలి ఎవరూ చూడలేదు. ఆ రోజు సాయంత్రమే పళ్ళ డాక్టరుకి చూపించాం, పుండేమీ లేదు, ఆరు నెలలకోసారి చూపించమన్నారు. ఆ మాట వినేవరకు నేను పడ్డ నరకం రాయలేను. దయచేసి డాక్టరు దగ్గర అలవాట్లు దాచొద్దు. మనం సిగ్గుపడితే నష్టపోయేది వాళ్ళు.

ఇక మందు ఎంచుకోవడం. నా దగ్గర పదో తరగతి చదివిన కుర్రాడు ఇప్పుడు పల్మనాలజీలో, అంటే ఊపిరితిత్తుల వైద్యంలో పీజీ చేస్తున్నాడు, అప్పట్లో లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకున్నాడు. వాడికి ఫోను చేసి ఏ కాంబినేషన్ మంచిదో చెప్పరా అంటే "టీచర్, మీరే చదవండి, మీకు అర్థమవుతాయి" అని మందుల్ని పోల్చి చూసిన పెద్ద ట్రయల్స్ రెండు పంపాడు. రెండు రాత్రులు కూర్చుని నోట్సు రాసుకున్నాను.

2016లో వచ్చిన ఫ్లేమ్ అనే ట్రయల్‌లో 3,362 మంది, 52 వారాలు. ఊపిరి గొట్టాలు తెరిచే మందులు రెండు, ఇండకటెరాల్, గ్లైకోపైరోనియం, ఒక వర్గానికి. సాల్మెటెరాల్, ఫ్లూటికాసోన్, అంటే స్టెరాయిడ్ ఉన్నది, ఇంకో వర్గానికి. జబ్బు ముదరడాలు, అంటే ఆయాసం ఉన్నట్టుండి ఎక్కువవడాలు, స్టెరాయిడ్ లేనివాళ్ళలోనే 11 శాతం తక్కువ. నిమోనియా 3.2 శాతం, స్టెరాయిడ్ ఉన్నవాళ్ళలో 4.8. సరే తేలిపోయింది అనుకున్నా. తర్వాత 2018లో వచ్చిన ఇంపాక్ట్ తీస్తే, అందులో 10,355 మంది, ఏడాదికి ముదరడాలు మూడు మందులు కలిస్తే 0.91, స్టెరాయిడ్ ఉన్న జోడీకి 1.07, స్టెరాయిడ్ లేని జోడీకి 1.21. అంటే పూర్తిగా తిరగబడింది. నా లెక్కే తప్పేమో అని మళ్ళీ చదివాను.

వాడికి ఫోను చేస్తే చెప్పాడు, ముందు ఎవర్ని చేర్చుకున్నారో చూడాలి టీచర్ అని. ఫ్లేమ్‌లో ఆస్తమా ఉన్నవాళ్ళని తీసుకోలేదు. ఇంపాక్ట్‌లో ఒకప్పుడు ఆస్తమా ఉన్నవాళ్ళూ ఉన్నారు, అప్పటికే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడుతున్నవాళ్ళు చాలామంది, వాళ్ళలో స్టెరాయిడ్ లేని వర్గంలో పడ్డవాళ్ళకి అది ఒక్కసారిగా ఆగిపోయింది. పైగా ఇంపాక్ట్‌లోనూ నిమోనియా స్టెరాయిడ్ ఉన్న రెండు వర్గాల్లోనే ఎక్కువ. "రక్తంలో ఇయోసినోఫిల్స్ అనే ఒక రకం తెల్లకణాలు చూడండి, 300 దాటితే స్టెరాయిడ్ బాగా పనిచేస్తుంది, 100 లోపుంటే లాభం తక్కువ" అన్నాడు. అమ్మ పాత రిపోర్టు తీశాను. తెల్లకణాలు 7,200, అందులో ఇయోసినోఫిల్స్ 1 శాతం. అంటే 72. ఆ కాగితం రెండేళ్ళుగా మా ఫైల్లోనే ఉంది.

డాక్టరమ్మ కూడా అదే చెప్పారు. ఆస్తమా లక్షణాలు లేవు, 100 లోపు, రెండుసార్లు నిమోనియా, కాబట్టి స్టెరాయిడ్ తీసేద్దాం అని. ఆ నిమోనియాలు దానివల్లే వచ్చాయా అని అడిగితే, పొడి లోపలికి ఎంత వెళ్ళిందో తెలీనప్పుడు అలా చెప్పలేం అన్నారు, నిజాయితీగా చెప్పినందుకు నాకు ఆమె మీద గౌరవం పెరిగింది. గ్లైకోపైరోనియం, ఫార్మోటెరాల్ కలిసిన పంపు ఇన్‌హేలర్, స్పేసర్‌తో, అంటే పంపుకీ నోటికీ మధ్య పెట్టే బోలు గొట్టంతో. క్యాప్సూల్ పొడికి గట్టిగా, వేగంగా లాగే బలం కావాలి, అమ్మకి అది లేదు. పంపుకి అలా కాదు, నెమ్మదిగా లాగాలి. ఈ తేడా మాకు ఎవరూ చెప్పలేదు, ఇన్నాళ్ళు వాడిన మందుల్ని "ఇది పనిచేయలేదు, అదీ పనిచేయలేదు" అని నేను పక్కన పెట్టేశాను, నిజానికి ఒక్కటీ ఆమె ఊపిరితిత్తుల్ని సరిగ్గా చేరనేలేదు. ముందు మన మనిషి ఎలా పీలుస్తుందో చూసి, ఆ తర్వాత ఏ మందు గొప్పదో మాట్లాడుకోవాలి. వాడి చూపించమని అడగకుండా మందు మార్చేసే డాక్టరు ఎంత పేరున్నవాడైనా నేను మళ్ళీ వెళ్ళను.

అక్కడి నర్సమ్మ అమ్మకి నేర్పించడానికి అరగంట కూర్చుంది. బాగా ఊపండి, ఊపిరంతా బయటికి వదలండి, పెదాలు బిగించండి, నొక్కి నెమ్మదిగా లాగండి, పది లెక్కపెట్టేదాకా ఆపండి. అమ్మకి బుగ్గలతో లాగే అలవాటు పోలేదు. నర్సమ్మ అమ్మ చెయ్యి తీసుకుని ఆమె పొట్ట మీదే పెట్టి "ఇది పైకి లేవాలమ్మా" అంది. ఆరోసారికి లేచింది. అమ్మ కళ్ళు పెద్దవి చేసి నా వైపు చూసింది, "ఇన్నాళ్ళు నాను పీల్సనేదేటే" అంది.

మొదటి నెల సెలవు పెట్టి నేనే రెండు పూటలా పక్కన కూర్చున్నాను. నోరు ఎండిపోతోందని అంటుంది, అది గ్లైకోపైరోనియం వల్ల, నీళ్ళు గుక్క గుక్కగా తాగిస్తున్నాం. ఒంటికి వెళ్ళడానికి ఇబ్బందిగా ఉందేమో అని అడుగుతూ ఉండాలి, మూత్రం బిగిస్తే వెంటనే చెప్పమన్నారు. స్పేసర్ సబ్బునీళ్ళలో కడిగి గుడ్డతో తుడవకుండా గాలికి ఆరనివ్వాలి, తుడిస్తే మందు గోడలకి అంటుకుంటుందట. ఫ్లూ టీకా, నిమోనియా టీకా వేయించాం.

నాలుగు నెలలయ్యింది, ఒక్కసారి కూడా హాస్పిటల్లో చేర్చలేదు. మొన్న ఆదివారం నుయ్యి దాకా ఆగకుండా వెళ్ళి, పూలమొక్కలకి చెంబుతో నీళ్ళు పోసి వచ్చింది. ఇన్‌హేలర్ వెనక అంకెల్లో ఇంకా 34 పఫ్‌లు చూపిస్తోంది. పూటకి రెండు చొప్పున రోజుకి నాలుగు, ఎనిమిది రోజులకి వస్తుంది. సంతకి వెళ్ళినప్పుడు కొత్తది తెచ్చి ఉంచాలి.