మంగళవారం ఓపీ

పెద్ద రద్దీ లేదు. పురుషాంగ క్యాన్సర్‌కి ఆపరేషన్ అయినవాళ్లూ, ఇంకా కావాల్సినవాళ్లూ వచ్చారు. జబ్బు పేరు ఎవరి నోటా రాదు. "అక్కడ పుండు" అంటారు, లేదంటే చీటీ చేతిలో పెట్టి నేల చూస్తారు. చీటీ వెనక సంగతి చాలామందిలో ఒకటే: ముందు చర్మం వెనక్కి రాదు, లోపల రసి, వాసన. సుఖవ్యాధి అంటారేమోనని ఇంట్లో చెప్పరు. మందుల షాపులో దురద ఆయింట్‌మెంట్ కొంటారు. అందులో స్టెరాయిడ్ ఉంటే ఎరుపు, మంట తగ్గుతాయి, పుండు మాత్రం అలాగే ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లకి చర్మం బిగుసుకోవడం మామూలే కాబట్టి ఇదీ అదేలే అనుకుంటారు. మూడు నాలుగు వారాలకీ మానకపోతే చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపాల్సిందే.

ఆపరేషన్ అనగానే మగతనం గురించి అడుగుతారనుకుంటాం. గొంతు తగ్గించి ముందు అడిగేది వేరు: "నిలబడి పోసుకోగలనా సార్?" కొంత భాగమే తీసి, రెండు మూడు సెంటీమీటర్లు మిగిలితే పోసుకోవచ్చు. మూత్రపు గొట్టం తీసిన కొత్తలో వాపు వల్ల ధార చీలి తొడల మీద పడుతుంది, వాపు తగ్గేదాకా కూర్చోవడమే మేలు. కొన్ని నెలల తర్వాత ధార సన్నబడి, ముక్కాల్సి వస్తుంటే రంధ్రం మూసుకుపోతోందని అర్థం. ఆలస్యం చేయకుండా మా దగ్గరికి వస్తే దాన్ని వెడల్పు చేస్తారు. మొత్తం తీసేస్తే వృషణాల వెనక, మలద్వారానికి ముందు కొత్త దారి పెడతారు, ఇక ఎప్పుడూ కూర్చునే. పంచె కట్టుకుని గట్టు పక్కన కూర్చునే అలవాటున్న పెద్దవాళ్లు దీనికి తొందరగా సర్దుకుంటారు. ఆఫీసు బాత్రూములో వరసగా నిలబడే కుర్రాళ్లకే కష్టం.

వృషణాలు మామూలుగా తీయరు. మీసం, గొంతు, కోరిక ఎక్కడికీ పోవు. కొంత మిగిలినవాళ్లలో చాలామందికి అంగం గట్టిపడటం, వీర్యం రావడం కూడా ఉంటాయి. ఈ మాట ఆపరేషన్‌కి ముందే, ఆయన ఒప్పుకుంటే భార్య కూడా ఉండగా చెప్పాలి. "నాకూ అంటుకుంటుందా?" అని ఆమె అడుగుతుంది. క్యాన్సర్ అంటుకోదు. కానీ కొందరిలో దీనికి మూలమైన హెచ్‌పీవీ వైరస్ అంటుకునేదే, అందుకని ఆమె గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించుకోవడం మంచిది.

నన్నడిగితే అసలు భయపడాల్సింది గజ్జల గురించి. జబ్బు ముందు పాకేది అక్కడి బిళ్లలకే, అంటే లింఫు గ్రంథులకే. పుండు తీసేశారు కదా అని కనపడకుండా పోయినవాళ్లు తిరిగొచ్చేది గజ్జల్లో గడ్డతోనే. అందుకే మొదటి రెండేళ్లు మూడు నెలలకోసారి, తర్వాత ఐదేళ్లదాకా ఆరు నెలలకోసారి రమ్మంటాం. మధ్యలో స్నానం చేసేటప్పుడు సబ్బు చేత్తో వేళ్లు చదునుగా పెట్టి తడుముకోమని చూపిస్తాం.

గజ్జల్లో బిళ్లలు తీశాక, గాయంలో ఊరే నీరు గొట్టం ద్వారా చేరే డ్రెయిన్ డబ్బాతో రోజూ తగాదానే. పొద్దున్నే ఒకే టైముకి కొలిచి పుస్తకంలో రాయాలి. రోజుకి 30 నుంచి 50 మిల్లీలీటర్లలోపుకి దిగితేనే తీస్తారు. ఇంటికెళ్లాలని తొందరపెట్టి ముందే తీయిస్తే లోపల నీరు చేరి ఉబ్బుతుంది. డబ్బా నిండకుండానే ఉబ్బిపోయిందంటే గాలి దూరినట్టు, మళ్లీ నొక్కి బిగించాలి. కుట్టు దగ్గర చర్మం పలచనై రక్తం సరిగా అందదు, అంచు నల్లబడితే అదే కారణం.

బిళ్లలు తీశాక కాలు వాచిందా, ఊళ్లో బోదకాలు అని తేల్చేస్తారు, కొందరు ఆ మాత్రలు కూడా మింగొస్తారు. ఇది దోమ జబ్బు కాదు, నీరు పోయే దారి తెగడం. మడమ పగులు, గోరుచుట్టు, ముల్లు గీత దేన్నుంచైనా చీము పట్టి చలిజ్వరం రావచ్చు, అందుకే చెప్పులు లేకుండా పొలంలోకి వద్దంటాం. వాపు పెరగకుండా కాలికి వేసే బిగుతు మేజోడు, స్టాకింగ్, మంచం దిగకముందే వేసుకోవాలి. దాని కొలత వాపు తక్కువున్నప్పుడే తీయాలి, సాయంత్రం తీస్తే వదులైపోతుంది. రేపు కొలతలకి రావాల్సినవాళ్లని అందుకే పొద్దున ఎనిమిదింటికే రమ్మన్నాను.