డాలస్ పెరట్లో ఫైర్ యాంట్స్

వాన వెలిసిన మర్నాడు లాన్‌లో జల్లించినట్టు మెత్తటి మట్టికుప్ప లేచి, పైన రంధ్రమేమీ కనబడకపోతే అది ఫైర్ యాంట్స్ అనే కుట్టే ఎర్రచీమల పుట్టే. పొడుగాటి పుల్లతో కదిపితే క్షణాల్లో పుల్ల మీదికి ఎగబాకుతాయి. కుట్టినచోట మర్నాటికి తెల్లటి పొక్కు లేస్తుంది, గిల్లకండి. ఊపిరాడకపోతే వెంటనే 911.

మరుగునీళ్లు పోయడం మనవాళ్లకు అలవాటే. ఒక్కో పుట్టకు 3 గ్యాలన్లు పోసినా 10 పుట్టల్లో 6 చస్తాయేమో. గడ్డి మాత్రం తప్పక మాడుతుంది. రాణి చీమ పుట్ట అడుగున ఉంటుంది కదా!

బెయిటే, అంటే నూనెతో మందు కలిపిన ఎర గింజలే మేలు. ముందు ఒక ఆలూ చిప్ పడేయండి. అరగంటలో చీమలు పడితే మేతకు తిరుగుతున్నట్టే. అప్పుడు పొడినేల మీద యార్డంతా చల్లండి. చాలా రకాలకు ఎకరానికి 1–1.5 పౌండ్లు చాలు. స్ప్రింక్లర్ ఒకరోజు ఆపండి. తడిసినా, డబ్బాలో నూనె ముక్కిపోయినా ముట్టవు.