ఫ్రీజరులో ఉన్నంతకాలం ఎవరికి ఇచ్చినట్టు?

ఆపరేషనుకు ముందురోజు సమ్మతి పత్రం మీద సంతకం పెడుతూ ఒక పెద్దావిడ అడిగిన మాట చాలాకాలంగా నన్ను వెంటాడుతోంది. "తీసేసిన గడ్డను పారేస్తారనుకున్నాను బాబూ, మీరేమో దాస్తామంటున్నారు. దాచి ఎవరికిస్తారు?" అని అడిగారావిడ. "పరిశోధన చేసేవాళ్ళకు ఇస్తామమ్మా" అన్నాను. "ఇచ్చినట్టు నాకెలా తెలుస్తుంది?" అంటూ పెన్ను నా చేతిలో పెట్టారు. ఆ రెండో ప్రశ్నకు అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఒక విశ్వవిద్యాలయ బయోబ్యాంకులో కణజాల నమూనాలను సేకరించడం, భద్రపరచడం, అడిగిన పరిశోధకులకు పంపడం నా ఉద్యోగం. మొదటి రెండు పనులూ మేము శ్రద్ధగానే చేస్తాము. చిక్కంతా మూడోదానితోనే.

భద్రపరచడంలో ఎంత శ్రమ ఉందో తెలిస్తేనే పంచకపోవడం ఎంత నష్టమో అర్థమవుతుంది. ఆపరేషను థియేటరు నుంచి కణితి రాగానే పెథాలజిస్టు రోగనిర్ధారణకు కావలసిన భాగాన్ని ముందుగా తీసుకుంటారు. ఆ అవసరం పూర్తిగా తీరిన తరువాత మిగిలినదే మాకు వస్తుంది. దానిలో కణితి నుంచి కొంత, దాని పక్కనున్న ఆరోగ్యకరమైన కణజాలం నుంచి కొంత, కందిగింజంత ముక్కలుగా కోసి, చిన్న ప్లాస్టిక్ గొట్టాలలో వేసి ద్రవ నత్రజనిలో ముంచుతాము. రక్తప్రసరణ ఆగిన క్షణం నుంచే కణాలలో జన్యు సందేశాలను మోసే ఆర్‌ఎన్‌ఏ క్షీణించడం మొదలవుతుంది కాబట్టి, శరీరం నుంచి వేరుచేసిన సమయాన్ని, గడ్డకట్టించిన సమయాన్ని నిమిషాలతో సహా రాసి ఉంచుతాము. మరికొంత భాగాన్ని కుళ్ళకుండా కాపాడే ఫార్మలిన్‌లో ఉంచి, ఆ తరువాత పారఫిన్ మైనంలో పోతపోస్తాము. 'బ్లాకు' అని మేము పిలుచుకునే ఆ మైనపు దిమ్మ ఫ్రీజరు అవసరం లేకుండానే దశాబ్దాల పాటు నిలుస్తుంది, దాని నుంచి 4, 5 మైక్రాన్ల మందంలో పొరలు కోసి స్లైడ్లు చేయవచ్చు. గొట్టాలు మాత్రం మైనస్ 80 డిగ్రీల ఫ్రీజరులోకో, మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజని ట్యాంకులోకో వెళ్ళాలి. అక్కడి నుంచి ఒక గొట్టాన్ని బయటికి తీసిన రెండు మూడు క్షణాలకే బార్‌కోడ్ మీద మంచు పేరుకుంటుంది. చేతితొడుగు వేసుకున్న బొటనవేలితో దాన్ని ఒక్కసారి తుడిచి, స్కానరు కూత వినిపించగానే డ్రై ఐస్‌లోకి దించేయాలి. రెండోసారి తుడవవలసి వచ్చిందంటే, లోపలి ముక్క కరుగుతోందేమోనని ఇన్నేళ్ళ తరువాత కూడా నాకు గుండెదడ మొదలవుతుంది.

ఆ మధ్య ఫ్రీజర్లలోని నిల్వను జాబితాతో సరిచూసే పని నాకు పడింది. ఒక్కో నమూనాకు ఎప్పుడు వచ్చింది, ఏ అరలో ఉంది, ఎప్పుడు ఎవరికి వెళ్ళింది అని గళ్ళు ఉంటాయి. మొదటి రెండు గళ్ళూ ఎక్కడా తప్పిపోలేదు. మూడో గడి మాత్రం పేజీల తరబడి ఖాళీగా ఉంది. ఇంత జాగ్రత్తగా కోసి, ఇంత చలిలో దాచిన ముక్కలలో చాలావాటికి ఒక్కసారి కూడా గడప దాటే అవకాశం రాలేదు. మా ఒక్క సంస్థలోనే ఇలా ఉందని అనుకోను, ఎందుకంటే నమూనాలు పేరుకుపోయి వాడకం లేకపోవడం ఈ రంగంలో పనిచేసేవాళ్ళు ఎక్కడ కలిసినా దొర్లే మాటే.

అడిగేవాళ్ళు లేక కాదు. ఒక పరిశోధకురాలు అరుదైన ఒక కణితికి చెందిన నమూనాలు కావాలని మాకు రాశారు. ఆమె సంస్థ నైతిక సంఘం అనుమతి ఇచ్చింది, మా శాస్త్రీయ సమీక్ష సంఘం కూడా సరేనంది. ఆ తరువాత నమూనాల బదిలీ ఒప్పందం రెండు విశ్వవిద్యాలయాల న్యాయవిభాగాల మధ్య ఎనిమిది నెలల పాటు తిరిగింది. పరిశోధనలో ఏదైనా పేటెంటుకు తగినది బయటపడితే దానిపై హక్కు ఎవరిదన్న ఒక్క వాక్యం దగ్గరే ఆ నెలలన్నీ గడిచాయి. పుట్టని బిడ్డకు పేరు పెట్టడానికి తగువులాడుకోవడమంటే ఇదే. ఒప్పందం కుదిరే నాటికి ఆమెకు పరిశోధన నిధుల గడువు ముగియవచ్చింది.

న్యాయవిభాగాలను మాత్రమే తప్పుపట్టడం సరికాదు. ఏళ్ళ తరబడి తన రోగుల నుంచి నమూనాలు కూడబెట్టిన వైద్యుడికి అవి తనవేనన్న భావన కలగడం సహజం. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ప్రోస్టేట్ క్యాన్సరు నిపుణుడైన విలియం కటలోనా 2003లో మరో విశ్వవిద్యాలయానికి మారినప్పుడు, తమ నమూనాలను ఆయనతో పంపమని దాదాపు 6,000 మంది దాతలు సంతకాలు చేసి ఇచ్చారు. వివాదం కోర్టుకెక్కింది. ఆ నమూనాలు వైద్యుడివీ కావు, తిరిగి కోరడానికి దాతలవీ కావు, విశ్వవిద్యాలయానివని 2006లో ఒక కోర్టు తీర్పునిస్తే 2007లో పై కోర్టు దాన్ని సమర్థించింది. చట్టప్రకారం ఆ తీర్పు సరైనదే కావచ్చు. కానీ యజమాని ఎవరో తేల్చిన ఆ తీర్పుతో, ఇచ్చినవారి ఉద్దేశం నెరవేర్చే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న తీరిపోదు. నన్నడిగితే, బయోబ్యాంకు యజమాని కాదు, అప్పగింతలు పుచ్చుకున్న ధర్మకర్త మాత్రమే.

అలాగని అడిగినవారికల్లా ఇచ్చేయడం పరిష్కారం కాదు. విచ్చలవిడిగా పంచితే ఏమవుతుందో చెప్పడానికి అమెరికా ఆదివాసులైన హవాసుపాయ్ తెగ అనుభవం చాలు. గ్రాండ్ కాన్యన్‌లో నివసించే ఆ తెగవారు తమలో విపరీతంగా ఉన్న మధుమేహానికి కారణం తెలుస్తుందన్న ఆశతో 1990 నుంచి ఆరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులకు రక్తమిచ్చారు. అదే రక్తం మీద స్కిజోఫ్రీనియా అనే మానసిక వ్యాధి గురించి, తమ పూర్వీకుల వలసల గురించి కూడా అధ్యయనాలు జరిగాయని చాలా ఏళ్ళ తరువాత వారికి తెలిసింది. తమ పుట్టుక గురించి తరతరాలుగా చెప్పుకుంటున్న కథనాన్ని ఆ వలసల అధ్యయనం కాదనడం వారిని మరింత గాయపరిచింది. 2010లో విశ్వవిద్యాలయం 41 మందికి 7 లక్షల డాలర్లు చెల్లించి, మిగిలిన రక్త నమూనాలను తిరిగి ఇచ్చివేసింది. అంతకు చాలా ముందు, 1951లో, హెన్రియెట్టా లాక్స్ అనే అమెరికా మహిళ కణితి నుంచి ఆమెను అడగకుండా తీసిన కణాలు హీలా పేరుతో ప్రపంచంలోని ప్రయోగశాలలన్నిటికీ చేరాయి. ఆ సంగతి ఆమె కుటుంబానికి తెలిసింది 1970లలోనే.

ఇటువంటి చేదు అనుభవాల వల్లనే నేటి సమ్మతి పత్రాలు ఇంత పొడుగయ్యాయి, అది మంచిదే. భవిష్యత్తులో ఏ పరిశోధనకైనా వాడుకోవచ్చని ఒప్పుకోవడమా, ఫలానా రకానికే పరిమితం చేయడమా అన్నది దాత చేతిలో ఉండాలి. ఇష్టం మారితే ఆ సమ్మతిని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. అయితే అప్పటికే పరిశోధకులకు చేరి, ఫలితాలలో కలిసిపోయిన సమాచారాన్ని వెనక్కి రప్పించలేమని కూడా నేను దాచకుండా చెబుతాను. పేరు తీసేసి సంకేత సంఖ్య పెడతాము కదా అని ధీమాగా ఉండడానికీ వీలులేదు. పేర్లు తొలగించిన జన్యు సమాచారాన్ని ఇంటర్నెట్‌లో అందరికీ దొరికే వంశవృక్షాలతో పోల్చి, కొందరు దాతలు ఎవరో కనిపెట్టవచ్చని 2013లోనే పరిశోధకులు చూపించారు.

అందుకే అడగకుండా పంచడం తప్పని నేనూ ఒప్పుకుంటాను. నా ఫిర్యాదల్లా, అడిగి పుచ్చుకుని పంచకుండా ఉంచుకోవడాన్ని మనం తప్పుగా లెక్కించకపోవడం గురించే. మొదటిదానికి కోర్టులు, సంఘాలు, నియమావళులు ఉన్నాయి. రెండోదాన్ని పట్టించుకునే నాథుడు లేడు, పైపెచ్చు దాన్ని జాగ్రత్త అని మెచ్చుకుంటారు.

ఆ జాగ్రత్తకు కొంత కారణం లేకపోలేదు. పొర తీసిన ప్రతిసారీ బ్లాకు అరుగుతుంది, అరుదైన జబ్బు అయితే మళ్ళీ అలాంటిది దొరకకపోవచ్చు. కాబట్టి చిన్న పనికి పెద్ద ముక్క అడిగేవారికి నేనూ సున్నితంగా కాదనే చెబుతాను. కానీ ఇంకా మంచి పరిశోధన వస్తుందేమోనని ఎదురుచూస్తూ కూర్చుంటే, ఆ లోపల ఏమైనా జరగవచ్చు. 2023 క్రిస్మస్ సెలవుల్లో స్వీడన్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్‌లో ట్యాంకులకు ద్రవ నత్రజని సరఫరా ఆగిపోయి, దశాబ్దాలుగా సేకరించిన నమూనాలు పాడైపోయాయి. ఆ వార్త చదివిన రోజు సెలవైనా నేను ఆఫీసుకు వెళ్ళి మా అలారాలను ఒక్కొక్కటిగా పరీక్షించాను. నాలుగు ప్రయోగశాలలకు చేరిన నమూనా ఒక్క ట్యాంకు పాడైనంత మాత్రాన పూర్తిగా పోదన్న ఆలోచన కూడా ఆ రోజే వచ్చింది.

ఇప్పుడు మా దగ్గర రెండు మార్పులు జరిగాయి. తరచుగా నమూనాలు ఇచ్చిపుచ్చుకునే సంస్థలతో ప్రతిసారీ కొత్తగా రాసుకోనక్కరలేని ఉమ్మడి ఒప్పందం ఒకటి కుదిరింది, దానితో నెలల పని వారాలకు తగ్గింది. ఇక సమ్మతి పత్రం చివర ఒక గడి చేర్చాము. దానిలో టిక్కు పెట్టినవారికి తమ నమూనా ఏ అధ్యయనానికి వెళ్ళిందో ఏడాదికి ఒకసారి ఉత్తరం రాస్తాము. మొదటి విడత ఉత్తరాల ముసాయిదా నాకే అప్పగించారు. అధ్యయనానికి వెళ్ళినవారి ఉత్తరం ఒక్క పూటలో పూర్తయింది. "మీరిచ్చిన నమూనా ఈ ఏడాది మా దగ్గరే ఉంది" అని మొదలయ్యే రెండో ఉత్తరంలో, ఆ వాక్యం తరువాత ఏమి రాయాలో తోచక వారం రోజులుగా అక్కడే ఆగి ఉన్నాను.