బళ్లారిలో సారంగధర: తెర వెనక నుంచి నా అనుభవం

సారంగధర నాటకంలో పావురం సరిగ్గా ఎగరకపోతే జనం నవ్వుతారు. ఒక్కసారి నవ్వారా, ఇక ఆ రాత్రికి తండ్రి రాజరాజనరేంద్రుడి కోపాన్ని ఎవరూ నమ్మరు. ఆ పావురం వెంటబడే కదా కుర్రాడు సారంగధరుడు సవతి తల్లి మేడలో కాలు పెట్టేది! బళ్లారి ప్రదర్శనకు స్టేజీ పనులు నామీద పడ్డప్పుడు లెక్క అక్కడి నుంచే మొదలుపెట్టాను.

ముందు రాతప్రతి సంగతి. ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) బళ్లారిలో వకీలు. ఆయన ‘విషాద సారంగధర’ను తెలుగులో తొలి విషాద నాటకంగా చెప్పుకుంటారు. రచయిత పోయి 60 ఏళ్లు ఎప్పుడో దాటాయి, హక్కుల పేచీ లేదు, కుదించుకోవచ్చు. మేం రెండు గంటల ఇరవై నిమిషాలకు తెచ్చాం. అయితే కత్తెర పద్యాల మీద వేయలేదు, రాగాల మీద వేశాం. గడియారం పెట్టి చూస్తే పద్యం ఉత్తినే చదవడానికి అర నిమిషం, రాగం తీస్తే మూడు నిమిషాలు. మొదటి సగంలో నటుడి ఇష్టం. సవతి తల్లి మాట నమ్మి కొడుకు కాళ్లూ చేతులూ నరకమని రాజు ఆజ్ఞ ఇచ్చాక మాత్రం రాగం బంద్, హార్మోనియం శ్రుతి పట్టుకుని ఉంటుందంతే. వన్స్‌మోర్ అని కేక పడితే పాడినవాడు కదలకూడదు, తర్వాతి పాత్ర చప్పట్ల మీదే లోపలికి వచ్చి మాట అందుకోవాలి. రెండు సెకన్లు ఆలస్యమైతే కేక గెలుస్తుంది.

ఇక హాలు. దండు (కంటోన్మెంటు) ప్రాంతంలో బ్రిటిషువాళ్లు కట్టిన భవనం. మందపాటి రాతి గోడలు, ఎత్తయిన కప్పు, అన్నివైపులా తలుపులు. ఖాళీ హాల్లో ఒక్కసారి చప్పట్లు కొట్టి చూస్తే శబ్దం రెండు సెకన్ల పాటు తిరుగుతూనే ఉంది. ఇలాంటి చోట సంయుక్తాక్షరాలు ఒకదాన్నొకటి మింగేస్తాయి, పద్యం కూనిరాగంలా వినిపిస్తుంది. వెనక గోడకు దళసరి జంపఖానాలు రెండు వేలాడదీశాం. మాకు అక్కర్లేని అడవి తెర, వీధి తెర పక్క గోడలకు కట్టాం. జనం నిండితే సగం ప్రతిధ్వని వాళ్లే పీల్చుకుంటారు కాబట్టి మధ్యాహ్నం మైకు పరీక్షలో కొంచెం మోత మిగిలినా కంగారు పడక్కర్లేదు. ఫుట్‌మైకులు నాలుగు, కింద స్పాంజి ముక్కలు పెట్టి. స్పాంజి లేకపోతే టేకు పలకల మీద ప్రతి అడుగూ డప్పే.

ఆ పలకల్లో మేకు దించనివ్వరు. వింగుల (స్టేజీ పక్క తెరల) చట్రాలకు వెనక ఊతకర్రలు పెట్టి, వాటి మీద 20 కిలోల ఇసుక బస్తాలు వేశాం. తెరల వెదుళ్లు 22 అడుగులవి, లారీ తొట్టి 17 అడుగులది. వెదురును మధ్యకు కోసి, రెండడుగుల ఇనప గొట్టంలో రెండు ముక్కలూ దూర్చి బిగిస్తే పని జరిగింది. తెరను మడత పెట్టొద్దు, వజ్రం జిగురు కలిపిన పొడిరంగు మడత దగ్గర పెచ్చులూడిపోతుంది. చుట్టాలి, అదీ బొమ్మ బయటివైపుకు ఉండేలా.

వెయ్యి వాట్ల లైట్లు పన్నెండు అంటే 230 వోల్టుల మీద 52 ఆంపియర్లు. హాలు మెయిన్ ఫ్యూజు 32. తొలి దర్బారు సీనుకే చీకటి పడేది. 25 కేవీఏ జనరేటర్ అద్దెకు తెచ్చి ఒక్కో ఫేజుకు నాలుగు లైట్లు పంచాం. పోలీసు అనుమతి కాగితంలో జనరేటర్ ఎక్కడ పెడుతున్నామో కూడా రాసి ఇచ్చాం. రాత్రి పది తర్వాత లౌడ్‌స్పీకర్ల నిషేధం మూసిన హాళ్ల లోపలికి వర్తించదంటారు గానీ, గాలికోసం తలుపులన్నీ తెరిచిన హాలు మూసినదవుతుందా? వాదన ఎందుకని ఆరున్నరకే తెర ఎత్తాం. బళ్లారి 1953 దాకా మద్రాసు రాష్ట్రంలోది, ఇప్పుడు కర్ణాటకలోది, హాల్లో సగం కన్నడంవాళ్లే ఉంటారు. ఒక పేజీ కన్నడ కథాసారం 300 కాపీలు పంచితే గుసగుసలు తగ్గాయి.

పావురం దగ్గరికి వస్తాను. బతికిన పక్షిని వాడాలంటే జంతు సంక్షేమ బోర్డు అనుమతి కావాలి, పైగా అది మన డైలాగు వినదు. థర్మకోల్‌ది చేస్తే ఫ్యాను గాలికి గిరగిరా తిరిగింది. చివరికి ఫోమ్ శరీరానికి తెల్లగుడ్డ తొడిగి, పొట్టలో ఇనప నట్టు దూర్చి 90 గ్రాములకు తెచ్చాం. కొక్కెం ఒకటి కాదు, రెండు పెట్టాలి: మెడ దగ్గరొకటి, తోక దగ్గరొకటి. ఎడమ వింగులో 11 అడుగుల ఎత్తు నుంచి కుడి వింగులో 8 అడుగులకు గాలపు నైలాన్ దారం కట్టాం. దాని కొసలు వింగు చట్రానికి కడితే చట్రం ఊగి దారం వదులవుతుంది, అందుకని ఇసుక బస్తాకే కట్టాలి. లైటు పడితే దారం తళుక్కుమంటుంది, కాటుక పట్టించిన గుడ్డతో తుడిస్తే మాయమవుతుంది. రెక్కల చప్పుడుకు వింగులో ఒకడు తువ్వాలు దులుపుతాడు. ప్రయాణం మూడు సెకన్లు. మధ్యలో ఇరుక్కుంటే వెనక్కి లాగొద్దు, అప్పుడే హాలు గొల్లుమనేది. ఆ వైపు లైటు ఆర్పేస్తారు, నటుడు “అదిగో, మేడమీద వాలింది” అని నడిచిపోతాడు.

నరికివేత తెర వెనకే. కనిపించేది ఆ తర్వాతి సారంగధరుడు. 20 అంగుళాల ఎత్తు బల్లకు రెండు కంతలు, మోకాలి కింది కాళ్లు అందులోకి దిగిపోతాయి, ముందువైపు బండరాయి బొమ్మ వేసిన గుడ్డ. చేతులు వీపు వెనక్కి కట్టి అంగవస్త్రం కప్పుతాం. ఏడో నిమిషానికి కాళ్లు తిమ్మిరెక్కుతాయి కాబట్టి సీను ఆరు నిమిషాలు దాటనివ్వం. తెర దిగాక ఇద్దరు లేపి పట్టుకోవాలి, వెంటనే నమస్కారానికి నిలబెడితే కూలబడతాడు. నెత్తురుకు పంచదార పాకం వాడొద్దు. రిహార్సల్లో చీమలు పట్టి సారంగధరుడు గోక్కున్నాడు. పల్చటి కార్న్‌ఫ్లోర్ గంజిలో ఎరుపు రంగు, చిటికెడు కాఫీ పొడి కలిపితే ఎండినా ముదురుగానే ఉంటుంది.

విప్పేటప్పుడు మొదట పావురం దారం కోసి పారేయాలి. ఒకసారి చుట్టిన నైలాన్‌కు వంకర్లు పోవు, మర్నాటి ఊళ్లో పావురం ప్రతి వంకర దగ్గరా తలూపుతుంది.