బొగ్గు వ్యాగన్లను కోసుకున్న దేశంలో

ఇంగ్లండ్ వెళ్లొచ్చిన మనవాళ్లు రాసే సంగతుల్లో టామ్‌వర్త్ పేరు కనబడదు. బర్మింగ్‌హామ్ న్యూ స్ట్రీట్‌లో రైలెక్కితే 20 నిమిషాల్లో వచ్చే చిన్న ఊరు. మనం ఖాజీపేటలో ఎక్కితే జమ్మికుంట కూడా రానంత దూరం. రానూపోనూ టికెట్టుకు పెట్టిన డబ్బుతో ఇక్కడైతే సికింద్రాబాద్ వెళ్లి, కడుపునిండా భోంచేసి, ఏసీ చైర్‌కార్‌లో తిరిగి రావచ్చు. పొద్దున రద్దీ దాటాక ఎక్కితే తగ్గుతుందని అమ్మాయి చెప్పింది. ఆ తగ్గిన ధర కూడా ఎక్కువే అనిపించింది నాకు. ఇరవై నిమిషాల ప్రయాణానికి అంత పుచ్చుకునే రైల్వేని మెచ్చుకోవడం నా వల్ల కాదు. అయినా వెళ్లాను, మళ్లీ మళ్లీ వెళ్లాను.

లండన్, స్ట్రాట్‌ఫర్డ్, సరస్సుల ప్రాంతం అన్నీ చూశాం. వాటి ఫోటోలు అమ్మాయి ఎప్పుడో పెట్టేసింది కాబట్టి వాటి జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది వ్యాగన్ల సంగతి.

నా ఉద్యోగమంతా రైల్వేలో బండ్లు తనిఖీ చేసే టీఎక్స్‌ఆర్‌గా వ్యాగన్ల పక్కనే గడిచింది. ఎక్కువగా బల్లార్షా లైను బొగ్గు రేకులు, అంటే వరసగా తగిలించిన వ్యాగన్ల బండ్లు. సుత్తి, టార్చి పట్టుకుని, యాక్సిల్ వేడెక్కిందా, స్ప్రింగు విరిగిందా, బ్రేకు బ్లాకులు అరిగాయా అని వంగి వంగి చూసుకుంటూ పోవాలి. బాక్స్‌ఎన్ అనే పైకప్పు లేని వ్యాగన్లు 58 ఉన్న రేక్ అంటే 600 మీటర్ల పైమాటే. ఒక పక్క చూసుకుంటూ పోయి రెండో పక్క చూసుకుంటూ రావాలి. అప్పుడుగానీ బ్రేకులు బాగున్నాయని చెప్పే బీపీసీ కాగితం మీద సంతకం పడదు. గూడ్సు డబ్బాను చూసి ముచ్చటపడ్డ ప్రయాణికుణ్ని ఆ ఉద్యోగంలో ఒక్కణ్నీ చూడలేదు. గూడ్సు అడ్డం వచ్చి బండి లేటయిందని తిట్టినవాళ్లే అందరూ.

నాటింగ్‌హామ్‌లో చుట్టాలింటికి వెళ్తుంటే కిటికీలోంచి రాట్‌క్లిఫ్ పవర్ స్టేషన్ కనబడింది. ఎనిమిది కూలింగ్ టవర్లు, దేన్నుంచీ ఆవిరి లేదు. 2024 సెప్టెంబర్ 30న దాన్ని మూసేశారు. బ్రిటన్‌లో బొగ్గుతో కరెంటు తీసిన ఆఖరి కేంద్రం అదే. ఆ జూన్‌లో దానికి చివరి బొగ్గు రేక్ వెళ్లిందట. రామగుండం ఎన్టీపీసీలో మనం ఎంజీఆర్ (మెర్రీ గో రౌండ్) అని పిలుచుకునే పద్ధతి, అదే, రేక్ ఆగకుండా మెల్లగా కదులుతుంటే అడుగు తలుపులు తెరుచుకుని బొగ్గు పడిపోవడం, 1960లలో ఈ దేశంలోనే పుట్టింది. దానికోసం హెచ్ఏఏ అనే నాలుగు చక్రాల హాపర్లను (అడుగు తలుపుల వ్యాగన్లను) పదివేలకు పైగా కట్టారు. పుట్టిన చోటే ఆ పని పూర్తిగా ఆగిపోయింది. పక్కన కూర్చున్న అల్లుడు టవర్ల ఫోటో తీసుకుంటుంటే నాకు మాత్రం ఒకటే ప్రశ్న: ఆ వ్యాగన్లన్నీ ఏమైనట్టు? పాత హెచ్ఏఏలు ఎప్పుడో తుక్కయిపోయి ఉంటాయి. కానీ వాటి తర్వాత వచ్చిన పెద్ద ఎనిమిది చక్రాల హాపర్లకు పెద్ద వయసు లేదు. మన లెక్కలో అవి ఇంకా పడుచు వ్యాగన్లు.

ఆ ప్రశ్నే నన్ను టామ్‌వర్త్ తీసుకెళ్లింది. ఆ దేశంలో గూడ్సు బండ్ల టైములు కూడా ఎవరైనా ఫోన్లో చూసుకోవచ్చు. రియల్‌టైమ్ ట్రెయిన్స్ అనే సైటులో ఏ బండి ఎక్కడ బయల్దేరింది, ఎన్ని నిమిషాలు లేటు, ఏ స్టేషన్ దాటింది, అన్నీ ఉంటాయి. బండి నంబరులో మొదటి అంకె 4 అయితే గంటకు 75 మైళ్ల గూడ్సు, 6 అయితే 60, 7 అయితే 45. ఇంజను ఒక్కటే పోతుంటే 0. మన దగ్గర గూడ్సు ఎప్పుడొస్తుందో తెలియాలంటే కంట్రోల్‌లో తెలిసినవాడుండాలి. అక్కడ బడికెళ్లే పిల్లాడికి కూడా తెలుస్తుంది. ప్లాట్‌ఫారం మీద ఫోటోలు తీసుకుంటే అడ్డుచెప్పేవాళ్లూ లేరు. ఫ్లాష్ వాడొద్దు, పసుపు గీత దాటొద్దు, రైల్వే సిబ్బంది వేసుకునే మెరుపు జాకెట్లు వేసుకోవద్దు. ఈ మూడూ పాటిస్తే చాలు.

టామ్‌వర్త్‌లో రెండు లైన్లు ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా పోతాయి. కింద లండన్ నుంచి స్కాట్లండ్ వైపు వెళ్లే మెయిన్ లైను, పైన బర్మింగ్‌హామ్-డెర్బీ లైను. ఒకే స్టేషన్‌లో పై ప్లాట్‌ఫారాలు, కింది ప్లాట్‌ఫారాలు. కింద పెండొలినో అనే వేగం బండ్లు ఆగకుండా దూసుకుపోతుంటే పై మెట్లు కూడా అదురుతాయి. గూడ్సు చూసేవాళ్లు రెండు చోట్లా ఉంటారు, పైన ఎక్కువ. అందరూ నా వయసువాళ్లే. మెడలో కెమెరా, చేతిలో నోటుబుక్కు, సంచిలో ఫ్లాస్కు. ఫ్లాస్కు ఎందుకో స్టేషన్ టీ కొన్నాక అర్థమైంది. మూడు పౌన్లు దాటిన ఆ కప్పులో వేడినీళ్లు, టీ సంచి, విడిగా ఒక పాల పొట్లం. చక్కెర మనమే వేసుకోవాలి. ఆ డబ్బుకు ఖాజీపేట ప్లాట్‌ఫారం మీదున్న అందరికీ టీ తాగించవచ్చు.

నా మొహం చూసే కాబోలు, బెంచీ మీదున్న పెద్దాయన తన ఫ్లాస్కులోంచి ఒక కప్పు పోసి ఇచ్చాడు. బడిలో పిల్లలకు చెక్కపని నేర్పి రిటైరయ్యాడట. నేనెవరో చెప్పగానే బెంచీ మీద కాస్త జరిగి చోటిచ్చాడు. అక్కడితో మా ఇద్దరికీ ఊళ్లూ వానలూ అక్కర్లేకపోయాయి. వ్యాగన్లే.

సంచిలోంచి ఆయన ఒక ప్లాస్టిక్ డబ్బా తీశాడు. లోపల స్పాంజిలో ఒదిగిన వ్యాగన్ బొమ్మ. బొమ్మ అనడానికి నోరు రావడం లేదు. హెచ్‌టీఏ అని, 2000 తర్వాత యార్క్‌లో థ్రాల్ అనే అమెరికా కంపెనీ ఈడబ్ల్యూఎస్ అనే గూడ్సు కంపెనీ కోసం వెయ్యికి పైగా కట్టిన బొగ్గు హాపర్. లోడుతో కలిపి 102 టన్నులు. మన బాక్స్‌ఎన్ 81 టన్నుల పైచిలుకు. చివర ‘ఏ’ అంటే ఎయిర్ బ్రేక్, మన బాక్స్‌ఎన్‌లో చివరి ‘ఎన్’ చెప్పేదీ అదే. అయితే ఆయన చేతిలోది పొట్టిగా ఉంది. మధ్యలో కొంత మేర లేదు.

“కోశారా?” అన్నాను.

“నేనూ కోశాను, రైల్వేవాళ్లూ కోశారు. ముందు కోసింది వాళ్లే” అన్నాడు.

నా ప్రశ్నకు జవాబు అదే. బొగ్గు పోయాక ఆ హాపర్లు ఊరికే నిలబడ్డాయి. రాయి మోయడానికి వ్యాగన్లు చాలడం లేదు. కానీ రాయి బొగ్గుకన్నా బరువు. బొగ్గు కోసం కట్టిన డబ్బాలో రాయి నింపితే సగం దాటగానే యాక్సిల్ బరువు హద్దు చేరిపోతుంది, పైనంతా ఖాళీ. ఆ ఖాళీని మోసుకు తిరగడం దండగ, పైగా రేక్ పొడుగై లూప్ లైనులో పట్టదు. అందుకని వ్యాగన్‌ను నిలువునా కోసి, మధ్య ముక్క తీసేసి, రెండు చివరలూ కలిపి వెల్డింగ్ చేశారు. పొట్టి చేసిన హెచ్‌టీఏకి హెచ్‌ఆర్‌ఏ అని పేరు మార్చారు. మిగతా కంపెనీలు కూడా తమ బొగ్గు హాపర్లలో కొన్నింటిని ఇలాగే పొట్టి చేసుకున్నాయట. ఆ తర్కం నాకు కొత్తది కాదు. కిరందుల్ లైనులో ఇనుప ఖనిజానికి వాడే బీఓవై వ్యాగన్ ఎత్తు తక్కువగా ఉండేది ఇందుకే. కానీ మనం దాన్ని కొత్తగా కట్టుకున్నాం. ఉన్నదాన్ని కోసి సగంలో అతికి మళ్లీ లైనెక్కించడం నేను చూడలేదు. చెడిన వ్యాగన్లను నిలిపే సిక్ లైన్‌లో ఎన్ని వ్యాగన్ల మీద కండెమ్ (ఇక పనికిరాదు) అని సుద్దతో రాయడం చూశానో గుర్తొచ్చి మనసు ఒకలా అయింది.

బొమ్మను ఎలా కోశాడో ఆయన చెప్తుంటే పని నేర్చుకునే కుర్రాడిలా విన్నాను. పక్క రిబ్బుల మధ్య గీత పడేలా టేపు అంటించి, సన్న పళ్ల రంపంతో రెండు కోతలు. అంచులు చదునుగా ఆకురాయి పట్టడం. అతుకు లోపలి వైపు పల్చటి ప్లాస్టిక్ పట్టీ ఆనించి, ద్రావకం బ్రష్షుతో తాకించడం. ప్లాస్టిక్ కరిగి ఒకటైపోతుంది, గమ్ అక్కర్లేదు. సందులో పుట్టీ, దానిమీద నీళ్లతో సన్న ఉప్పుకాగితం. అడుగు ఛాసిస్‌కీ అదే కోత. పొట్టి చేస్తే బరువు తగ్గి పట్టాలు తప్పుతుంది కాబట్టి లోపల సీసం ముక్కలు, వాటిని కప్పేలా జల్లెడ పట్టిన అసలైన సున్నపురాయి పొడి. బొమ్మతో వచ్చే ప్లాస్టిక్ కొక్కేలు పీకేసి కేడీ అనే అమెరికా కంపెనీ నకిల్ కప్లర్లు (పిడికిలిలా పట్టుకునే కొక్కేలు) పెట్టాడు, ఎందుకంటే అసలు హెచ్‌టీఏకి కూడా మన వ్యాగన్ల సీబీసీ కప్లర్‌లాగే నకిల్ ఉంటుంది. అక్కడ చాలా వ్యాగన్లకు ఇంకా బఫర్లు, స్క్రూ కప్లింగులే. వాటిని చూస్తే నాకు మన పాత నాలుగు చక్రాల వ్యాగన్లు కళ్లముందుకొచ్చాయి.

ఆయన టామ్‌వర్త్ వచ్చింది రంగు కోసం. సున్నపు దుమ్ము వాన నీటితో కలిసి పాత మెరూన్ రంగు మీద ఎలా కారుతుందో, ఏ రిబ్బు దగ్గర ఆగుతుందో అసలు వ్యాగన్ పక్కన పెట్టి చూసుకోవాలట. దాటిపోయే బండిలో ఒక్కో వ్యాగన్ కనబడేది రెప్పపాటు. ఆ రెప్పపాటు కోసం పొద్దుటి నుంచి కూర్చున్నాడు.

బొమ్మను కళ్లకు దగ్గరగా పెట్టుకుని నా అలవాటు ప్రకారం కింది నుంచి చూశాను. “ఇది లోడు వ్యాగన్ కదా, మరి ఖాళీ వ్యాగన్ ఎత్తులో నిలబడిందేం?” అన్నాను. లోడు పడితే స్ప్రింగులు నొక్కుకుని వ్యాగన్ ఒకటిన్నర, రెండంగుళాలు కిందికి దిగుతుంది. యార్డులో దూరం నుంచే లోడా ఎంప్టీయా పోల్చడానికి మా కళ్లకు అది చాలు. ఆయన కాసేపు మాట్లాడలేదు. ఆ బొమ్మ అసలు వ్యాగన్‌లో 76వ వంతు కాబట్టి నోటుబుక్కు తీసి 76తో భాగించి, “అర మిల్లీమీటరు పైన” అన్నాడు. “బోగీ (చక్రాల చట్రం) కూర్చునే చోట అంత ఆకురాయి పడితే సరిపోతుంది. ఇన్నేళ్లలో ఈ మాట నాకెవరూ చెప్పలేదు.” అర మిల్లీమీటరు కోసం అంత సంతోషపడిన మనిషిని చూసి నాకు కళ్లు చెమర్చాయి. నా పని విలువ తెలిసిన మనిషి, సప్త సముద్రాలకు అవతల, ఎవరో చెక్కపని మాస్టారు.

అప్పుడొచ్చింది బండి. కనబడకముందే శబ్దంతో పోల్చాను. క్లాస్ 66. కెనడాలో ఈఎండీ అనే కంపెనీ కట్టిన ఇంజను, లోపల 12 సిలిండర్ల 710 రకం టూ స్ట్రోక్ డీజిల్. మన గూడ్సు ఇంజను డబ్ల్యూడీజీ4లో ఉండేది అదే 710, 16 సిలిండర్లతో. గుత్తి షెడ్డు ఇంజన్ల గొంతు విన్నవాళ్లెవరైనా కళ్లు మూసుకుని చెప్పగలరు. ఎర్ర రంగు ఇంజను వెనక వరసగా పొట్టి హాపర్లు, అంచుల మీద తెల్ల దుమ్ము. మన లెక్కకు చిన్న రేక్, యాభై ఎనిమిది చూసిన కళ్లకు చాలా త్వరగా అయిపోయింది. ఆయన ఫోటోలు తీస్తుంటే నేను స్ప్రింగులు చూశాను. నొక్కుకుని ఉన్నాయి. నాకు తెలియకుండానే చెయ్యి పైకి లేచింది, బండి బాగానే ఉందని ఆల్ రైట్ చూపడానికి. డ్రైవరు రెండు స్వరాల హారన్ కొట్టాడు. చివర బ్రేక్ వ్యాన్ లేదు, గార్డు లేడు, ఒక చిన్న ఎర్ర దీపం మాత్రం ఆగి ఆగి వెలుగుతూ పోయింది. గార్డు లేని గూడ్సును చూడ్డం నాకిప్పటికీ నచ్చలేదు.

ఇంటికొచ్చాక నేనూ ఒక బాక్స్‌ఎన్ కట్టడం మొదలుపెట్టాను. కప్లర్ల మధ్య 10,713 మిల్లీమీటర్లు, ఎత్తు 3,225, వెడల్పు 3,200. నాది 87వ వంతు బొమ్మ కాబట్టి 87తో భాగిస్తే పొడవు 123, ఎత్తు 37. చిక్కంతా గేజితోనే, అంటే పట్టాల మధ్య దూరంతోనే. బజార్లో దొరికే పట్టా 16.5 మిల్లీమీటర్లది. మన బ్రాడ్ గేజి 1,676ను 87తో భాగిస్తే 19.3 వస్తుంది. బ్రిటన్‌లోనూ ఇదే బాధ. వాళ్ల ఓఓ స్కేలుకు (76వ వంతు) సరిగ్గా 18.83 ఉండాల్సింది, అందరూ 16.5తోనే సర్దుకుంటారు. పట్టుదల ఉన్నవాళ్లు మాత్రం 18.83 పట్టా సొంతంగా వేసుకుంటారని పెద్దాయన చెప్పాడు. బ్రాడ్ గేజి మనిషిని, సన్నపట్టా మీద బాక్స్‌ఎన్‌ను చూడలేను. ప్లాస్టిక్ షీటు కోఠిలో దొరికింది, పక్క పలకలు కోయడం అయిపోయింది. చక్రాలు మాత్రం దొరకడం లేదు. 19.3 గేజికి చిన్న చక్రాలు ఫ్లాంజితో సహా లేత్ మీద తీసి ఇచ్చే పనివాళ్లు వరంగల్, హైదరాబాద్ వైపు ఎవరైనా తెలిస్తే చెప్పండి. డ్రాయింగు నేనే వేసిస్తాను.