నూరు మిల్లీక్యూరీలు, మూడు రాత్రులు

"క్యాన్సర్ రావాల్సే ఉంటే ఇదే రావాలని కోరుకోవాలమ్మా" అన్నారు ఆపరేషన్ చేసిన డాక్టరు గారు, రిపోర్టు నా చేతిలో పెడుతూ. థైరాయిడ్‌లో పాపిలరీ రకం, 2.3 సెంటీమీటర్లు, మెడలో మూడు లింఫు గ్రంథుల్లోకి పాకింది. ఆయన హస్తవాసి గొప్పది. గ్రంథి మొత్తం తీసేసినా నా గొంతు పోలేదు, ఆపరేషన్ తరువాత తగ్గిన కాల్షియం వారంలో సర్దుకుంది. ఆ మేలు మర్చిపోను. ఆ మాట మాత్రం ఇప్పటికీ మింగుడుపడలేదు. మూడేళ్ళ పిల్ల ఉన్న తల్లికి ఏ క్యాన్సర్ మంచిది?

తరువాత రేడియో అయోడిన్ ఇవ్వాలన్నారు. మా ఊళ్ళో దీన్నీ "కరెంటు పెట్టడం" అనే అంటారు. ఆ మాట వల్ల వచ్చిన చిక్కులు అన్నీ ఇన్నీ కావు. మామూలు కరెంటు (రేడియేషన్) వైద్యంలో యంత్రం బయట ఉంటుంది, స్విచ్ ఆపగానే ఒంట్లో ఏమీ మిగలదు. ఇది వేరు. అయోడిన్-131 అనే మందు మనమే తాగుతాం, కొన్నాళ్ళు మన ఒంట్లోంచే కిరణాలు వస్తాయి. థైరాయిడ్ కణం ఎక్కడ మిగిలి ఉన్నా అయోడిన్ కనిపిస్తే లాక్కుంటుంది. లాక్కున్నాక అందులోంచి వచ్చే బీటా కణాలు గట్టిగా రెండు మిల్లీమీటర్లు కూడా దాటకుండా ఆ కణాన్నే చంపుతాయి. దాంతోపాటు వచ్చే గామా కిరణాలు ఒళ్ళు దాటి బయటికి వస్తాయి. దూరం పాటించమనేది వాటి కోసమే. నేను ఇంటర్ పిల్లలకి భౌతికశాస్త్రం చెప్తాను. దీని అర్ధాయువు, అంటే సగమైపోవడానికి పట్టే కాలం, 8 రోజులని ఏళ్ళ తరబడి బోర్డు మీద రాసినదాన్నే. అయినా నాకూ ఈ తేడా ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు.

మందు పనిచేయాలంటే ముందు ఒంట్లో అయోడిన్ కరువు రావాలి. తీసేసిన గ్రంథి హార్మోన్‌కి బదులు వేసుకునే థైరాక్సిన్ మాత్రలు మొదలుపెట్టకుండా నాలుగు వారాలు ఉంచారు, థైరాయిడ్ కణాలని పురిగొల్పే టీఎస్‌హెచ్ అనే హార్మోన్ 30 దాటాలని. అది పెరిగితేనే మిగిలిన కణాలు అయోడిన్‌ని గట్టిగా లాక్కుంటాయి. నాది 78కి పోయింది. చలి, మొహం ఉబ్బు, మాట బరువు, మెట్టెక్కితే ఆయాసం. చివరి రెండు వారాలు పథ్యం: పాలు, పెరుగు, గుడ్డు పచ్చసొన, చేపలు, రొయ్యలు, బేకరీ సరుకు, హోటల్ తిండి ఏదీ లేదు. అన్నిటికన్నా ముఖ్యం ఉప్పు. అత్తయ్య ఒక్క మాట అడక్కుండా నాకు వేరే గిన్నెలు పెట్టి, కల్లుప్పుతో వండింది. నాలుగో రోజు ఆ ఉప్పు ప్యాకెట్ తిప్పి చూస్తే మూలన నవ్వే సూర్యుడి బొమ్మ. అంటే అది అయోడిన్ కలిపిన ఉప్పు. కల్లుప్పులోనూ కలిపింది ఉంటుందని మా ఇద్దరికీ తెలియదు. సైంధవ లవణంలోనూ కలుపుతారు, కాబట్టి పేరు కాదు, వెనక చీటీ చదవాలి. అత్తయ్య ఆ పూట అన్నం తినలేదు. పథ్యం మళ్ళీ మొదటి రోజు నుంచి లెక్కపెట్టాం.

దీని మీద ఇంత పట్టుదల ఎందుకంటే, నాకిచ్చిన 100 మిల్లీక్యూరీల్లో (మిల్లీక్యూరీ అంటే రేడియోధార్మికతకి కొలత) రేడియో అయోడిన్ బరువు ఒక మైక్రోగ్రాము కూడా ఉండదు. మనింటి అయోడైజ్డ్ ఉప్పు ఒక్క గ్రాములో కనీసం 15 మైక్రోగ్రాముల మామూలు అయోడిన్ ఉండాలి. కడుపునిండా తిన్న కణం మందు వైపు చూడదు. స్కాన్‌కి రంగు ఇంజెక్షన్ ఇచ్చి సీటీ తీసి ఉంటే ఇంకా ఘోరం, అందులోని అయోడిన్ పోవడానికి నెలలు పడుతుంది. ఎప్పుడైనా తీయించుకుని ఉంటే వాళ్ళు అడక్కపోయినా మీరే చెప్పండి. అయోడిన్ ఉండే బెటాడిన్ పుక్కిలింతలు కూడా వద్దు.

మందు ఇచ్చింది ఉదయం 11కి. దానికి ముందు గర్భ పరీక్ష తప్పనిసరి. సీసం డబ్బాలో చిన్న సీసా, అందులోంచి స్ట్రా. నీళ్ళలాగే ఉంది. మన దేశంలో ఈ మందు ముంబైలో ట్రాంబే దగ్గరున్న అణు రియాక్టర్‌లో టెల్లూరియం నుంచి తయారవుతుంది. ఎనిమిది రోజులకి సగమైపోతుంది కాబట్టి నిలవ ఉంచడం కుదరదు. 30 మిల్లీక్యూరీలు దాటితే విడిగా గది. తాగిన గంటకి మీటరు దూరంలో నా రీడింగ్ గంటకి 180 మైక్రోసీవర్టులు (ఒంటికి తగిలే రేడియేషన్ కొలత). 50 కన్నా తగ్గితేనే ఇంటికి అన్నారు.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. నా మూత్రంలో రేడియేషన్ ఉంటుందన్న భయంతో బాత్‌రూమ్‌కి వెళ్ళడం తగ్గించాలని నీళ్ళు తక్కువ తాగాను. చేయాల్సింది దానికి సరిగ్గా తలకిందులు. మందులో ఎక్కువ భాగం మొదటి రెండు రోజుల్లో మూత్రంలోనే పోవాలి. ఆ గది బాత్‌రూమ్ నీళ్ళు నేరుగా కాలవలోకి పోవు, ప్రత్యేకమైన ట్యాంకుల్లో నిలవ ఉండి, క్షయమయ్యాకే బయటికి వెళ్తాయి. ఈ ఒక్క ముక్క ముందే చెప్పి ఉంటే రోజుకి మూడు లీటర్లు తాగేదాన్ని.

రెండో రాత్రి ఒంటి గంటకి మెలకువ వచ్చింది. చెవుల కింద రెండు పక్కలా వాపు, దవడ కదపలేను, నోరు ఎండిపోయింది. కుట్టు ఉన్న మెడే కదా, గొంతు మూసుకుపోతోందనుకున్నాను. గోడ ఫోన్ ఎత్తాను. అవతల ఎవరో మగమనిషి, "రేడియేషన్ తాగాక వాపు రాదా మేడమ్? పొద్దున రౌండ్స్‌లో చూస్తార్లెండి. ఆ గదిలోకి మేం రాకూడదు" అని పెట్టేశాడు. మంచం పక్కన సీసం తెర, తలుపు అవతల దీపం. ఊపిరి లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఈ మందుకి జుట్టు ఊడదని అప్పటికే తెలుసు. ఊడని ఆ జుట్టునే ఇస్తాను, నా పిల్ల దగ్గరికి పంపించు స్వామీ అని ఏడుకొండలవాడికి మొక్కుకున్నాను.

రెండింటికి డ్యూటీ మారి వచ్చిన సిస్టర్ తలుపు తీసింది. తెర పక్కన నిలబడి, "నీళ్ళు ఒక గుక్క మింగండి చూద్దాం. పోయిందా? అయితే ఇది గొంతు కాదండీ, లాలాజల గ్రంథులు" అంది. ఆ గ్రంథులూ అయోడిన్‌ని లాక్కుంటాయట, అందుకే వాస్తాయి. వేళ్ళతో చెవి కింద నుంచి దవడ మీదుగా నోటి వైపు మెల్లగా ఒత్తడం ఎలాగో తన దవడ మీదే చేసి చూపించింది. ఐస్ సంచి, నొప్పి మాత్ర, రెండు సీసాల నీళ్ళు పెట్టి వెళ్ళింది. నిమ్మ బిళ్ళలు మొదటి రోజంతా వద్దని, 24 గంటలు దాటాకే చప్పరించమని ఆ వార్డు పద్ధతి. ఆవిడ ఉన్నది రెండు నిమిషాలు. ఆ దూరంలో ఆవిడకి తగిలింది మూడు మైక్రోసీవర్టుల లోపే. ఒక్క ఛాతీ ఎక్స్‌రేకి 20 దాకా తగులుతుంది. ఆ ఫోన్ మనిషి కూడా రెండు నిమిషాలు రాగలిగేవాడే. లెక్క తెలిసిన కొద్దీ కోపం పెరుగుతోంది.

మూడో ఉదయం 56. ఇంకో రాత్రి ఉండాల్సి వచ్చింది. నాలుగో ఉదయం 21. పంపేశారు.

ఇంట్లో మూడు వారాలు వేరే గది, వేరే పక్క. పాపకి రెండు మీటర్ల దూరం. దూరం రెట్టింపైతే తగిలేది నాలుగో వంతు అవుతుంది, అందుకే గుమ్మం అవతలి నుంచే కథలు చెప్పాను. రెండుసార్లు ఫ్లష్, బట్టలు విడిగా, కంచం విడిగా. ముక్కు తుడిచిన కాగితాలు విడి సంచిలో వేసి తేదీ రాసి మేడమీద పెట్టాను. 80 రోజులంటే పది అర్ధాయువులు, వెయ్యో వంతు మిగులుతుంది. 80వ రోజున చెత్తబండికి ఇచ్చేశాం. ఆడవాళ్ళు ఆరు నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి. పాలిచ్చే తల్లులు మందుకి కొన్ని వారాల ముందే మానేయాలి. విమానం ఎక్కాల్సి ఉంటే ఆసుపత్రి ఉత్తరం దగ్గర పెట్టుకోండి, కొన్ని విమానాశ్రయాల యంత్రాలు మూడు నెలల దాకా పట్టుకుంటాయి.

నాలుగు నెలలకి మా బంధువులమ్మాయి సీమంతం. గాజులు తొడగబోతే వాళ్ళ పెద్దమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. "నువ్వొద్దులే అమ్మా, చెర్నోబిల్ సంగతి తెలీదా" అంది. తెలుసు. 1986 ఏప్రిల్ 26న అక్కడి అణు విద్యుత్ కేంద్రం పేలాక చుట్టుపక్కల పిల్లలు ఇదే అయోడిన్-131 పడ్డ గడ్డి మేసిన ఆవుల పాలు తాగారు. తరువాతి ఏళ్ళలో వాళ్ళలో వేలమందికి థైరాయిడ్ క్యాన్సర్ వచ్చింది. పక్కనున్న పోలండ్ కోటిమంది పిల్లలకి మామూలు అయోడిన్ తాగించింది, గ్రంథి ముందే నిండితే విషాన్ని లాక్కోదని. ఆ లెక్కనే తిరగేసి నాలో మిగిలిన థైరాయిడ్ కణాలని ఎండబెట్టారు. 120 రోజులంటే 15 అర్ధాయువులు. మూత్రంలో ఒక్క చుక్క పోకపోయినా ముప్ఫై రెండు వేల వంతుల్లో ఒక వంతే మిగులుతుంది. అదంతా ఆ పీటల మీద చెప్పలేకపోయాను. గాజులు పళ్ళెంలో పెట్టి వచ్చేశాను.

ఏడాదికి థైరాయిడ్ కణాలు మాత్రమే తయారుచేసే థైరోగ్లోబ్యులిన్ అనే ప్రోటీన్ 0.2 కన్నా తక్కువ, ఆ లెక్కని తప్పించే యాంటీబాడీలు లేవు, మెడ అల్ట్రాసౌండ్ శుభ్రంగా ఉంది. ఈ పరీక్షకి వెళ్ళే ముందు జుట్టు కోసం వేసుకునే బయోటిన్ మాత్రలు మానేయండి, లేకపోతే అంకె తప్పుగా తక్కువ చూపిస్తుంది. థైరాక్సిన్ పరగడుపునే, కాఫీకి కనీసం అరగంట ముందు, కాల్షియం మాత్రకి నాలుగు గంటల ఎడం. మొక్కు మార్చిలో తీర్చుకున్నాం. జుట్టు ఇప్పుడు వేలెడు పెరిగింది.