చివరి పరీక్ష కూడా అయిపోయింది

అన్నిటికంటే లెక్కల పేపరే ఎక్కువగా గుర్తుండిపోతుంది. వర్గ సమీకరణంలో మూలాలు ఎలాంటివో చెప్పే విచక్షణి మైనస్ 56 వచ్చింది. అంటే వాస్తవ మూలాలే ఉండవు. ప్రశ్నలోనేమో మూలాలు కనుక్కోమన్నారు! టెన్షన్‌తో చేతులు చల్లబడిపోయాయి. మొదటి నుంచి మళ్లీ చూస్తే, సమీకరణంలో 15 ముందున్న మైనస్ గుర్తును వదిలేశాను. అది సరిచేయగానే 64 వచ్చింది, మూలాలు 3, మైనస్ 5. ఆ క్షణంలో కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను.

సైన్స్, సోషల్ బాగానే రాశాను. తెలుగులో ఉత్పలమాలకు గణ విభజన చేస్తూ భ, ర, న, భ, భ, ర, వ అన్నీ వరుసగా కుదిరినప్పుడు మాత్రం పరీక్ష రాస్తున్నానన్న సంగతే మర్చిపోయాను. ఆ పద్యం ఇంకా నోట్లోనే ఆడుతోంది.